తెలుగు కౌబాయ్ పుట్టుక, ఇల్లు చేరని తండ్రి

తెలుగు తెర మీద తొలి కౌబాయ్ 1971 ఆగస్టు 27న గుర్రం దిగాడు. సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు'. హీరో కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, కథా మాటలూ ఆరుద్రవి. ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఆ కౌబాయ్ ఎలా పుట్టాడు, వాడితో పాటు రావలసిన ఇంకొక మనిషి ఎందుకు రాలేదు అని అడుగుతూ పోతే మాత్రం దారి ఖమ్మం దాటి, పాల్వంచ దాటి, భద్రాచలం అడవుల్లోకి తీసుకుపోతుంది. ఆ రెండో మనిషి కోసమే ఇదంతా రాస్తున్నాను. తుపాకీ దించేసి, తనను గుర్తుపట్టని కొడుకు ముందుకు వచ్చి నిలబడే తండ్రి అతను.

ముందు కౌబాయ్ సంగతి.

బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణకు తుపాకీ కొత్త కాదు. 1966లో 'గూఢచారి 116'తో తెలుగులో గూఢచారి సినిమాకు దారి వేసింది ఆయనే. తర్వాత తమ్ముళ్ళు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి పద్మాలయా సంస్థ పెట్టారు. తొలి సినిమా 'అగ్నిపరీక్ష' 1970లో వచ్చింది, ఆడలేదు. రెండోది నిలబడితేనే సంస్థ నిలబడుతుంది. అలాంటప్పుడు ఎవరైనా నలుగురూ నడిచిన బాట పడతారు. వీళ్ళు ఎవరూ తొక్కని దారి ఎంచుకున్నారు. ఆ తెగువ నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అప్పటికి తెలుగు సినిమా మద్రాసులోనే ఉండేది. 1969లో వచ్చిన 'మెకన్నాస్ గోల్డ్' అమెరికాలో పెద్దగా ఆడలేదు గానీ మన దేశంలో విరగబడి ఆడింది. ఎర్రటి కొండలు, బంగారపు లోయ, దాని కోసం ఒకరినొకరు మోసగించుకునే మనుషులు, మధ్యలో గ్రెగరీ పెక్. దానికి తోడు సెర్జియో లియోనీ తీసిన ఇటలీ వెస్టర్న్‌లు ఉన్నాయి. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' 1965లోనూ, 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' 1966లోనూ వచ్చాయి. పద్మాలయా వాళ్ళ కొత్త సినిమాకు ముడిసరుకు ఈ మూడు సినిమాలే.

దర్శకత్వం దాస్‌కు అప్పగించడంలో కూడా ఒక లెక్క ఉంది. 1970లోనే ఆయన విజయలలితతో 'రౌడీ రాణి' తీశారు. ఆడపిల్ల గుర్రమెక్కి, తుపాకీ పట్టి పగ తీర్చుకునే కథను జనం ఒప్పుకుంటారని ఆ సినిమా చూపించింది. దెబ్బలాటను ఎలా కోయాలో, ఎంత వేగంగా నడపాలో దాస్‌కు చేతనైన విద్య.

అసలు కష్టం ఆరుద్రది. అమెరికా పడమటి సీమలో ఉన్న షెరీఫూ, తలకు వెల కట్టిన కాగితాలూ, ఎవరి తుపాకీ వారి నడుముకు ఉండే చట్టమూ తెలుగుదేశంలో ఎక్కడివి? ఆయన కథను ఇంగ్లీషువాళ్ళ కాలానికి తీసుకుపోయారు. ఒక సంస్థానం, దాని నిధి, ఆ నిధి వెంట పడిన దొంగలు. సంస్థానాల కాలం అనగానే గుర్రాలూ తుపాకులూ కోటలూ వాటంతట అవే నప్పేశాయి. లియోనీ సినిమాలో ఈలై వాలక్ వేసిన టూకో పాత్ర ఆరుద్ర చేతిలో నక్కజిత్తుల నాగన్న అయింది. నాగభూషణం ఆ పాత్రను ఎంత సొంతం చేసుకున్నారంటే, అది పరాయి సినిమాలోంచి వచ్చిందని తెలిసినవాళ్ళు కూడా మరిచిపోతారు.

ఎడారి కోసం యూనిట్ రాజస్థాన్ వెళ్ళింది. బికనీర్ పరిసరాల్లో, థార్ ఇసుక దిబ్బల మధ్య వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టారు. 'సువర్ణసుందరి', 'అనార్కలి' లాంటి సినిమాలకు సంగీతం ఇచ్చిన పి. ఆదినారాయణరావు ఈ ఇసుక మీద గుర్రాల పరుగుకు బాణీ కట్టారు. బొంబాయిలో 'షోలే' వచ్చింది 1975లో, అంటే మనవాళ్ళు గుర్రమెక్కిన నాలుగేళ్ళకు. తర్వాత ఈ సినిమాను 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి కూడా మార్చారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. లియోనీ కూడా మొదట అప్పు చేసినవాడే. 1964లో ఆయన తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'కు మూలం జపాన్‌లో కురొసావా 1961లో తీసిన 'యోజింబో'. జపాన్ సమురాయ్ కత్తి ఇటలీవాళ్ళ చేతిలో తుపాకీగా మారి, స్పెయిన్‌లోని అల్మేరియా ఎండలో తిరిగి, మద్రాసులో తెలుగు నేర్చుకుని, బికనీర్ ఇసుకలో నిలబడిందన్నమాట. ఈ ప్రయాణంలోనే ఒక మనిషి రాలిపోయాడు. లియోనీ వీరుడికి పేరు ఉండదు, ఊరు ఉండదు, భార్యాబిడ్డలు ఉండరు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు, ఎక్కడికి పోతాడో తెలియదు. మనం వెస్టర్న్‌ను తెచ్చుకున్నది ముఖ్యంగా ఈ ఇటలీ కొమ్మ నుంచి. అందుకే మన కౌబాయ్‌కి టోపీ వచ్చింది, చుట్ట వచ్చింది, గురి వచ్చింది. ఇల్లు మాత్రం రాలేదు.

అమెరికావాళ్ళ పాత కొమ్మలో ఇల్లు ఉంది. దానికి మంచి ఉదాహరణ 1950లో హెన్రీ కింగ్ తీసిన 'ది గన్‌ఫైటర్'. అందులోనూ గ్రెగరీ పెక్కే హీరో. 'మెకన్నాస్ గోల్డ్'కు దాదాపు ఇరవై ఏళ్ళ ముందు ఆయన వేసిన పాత్ర పేరు జిమ్మీ రింగో. తుపాకీ దూయడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరే అతనికి శాపం. ఏ ఊరి సారాకొట్టులోకి అడుగుపెట్టినా ఎవడో ఒక కుర్రవాడు తనేమిటో చూపించాలని రెచ్చగొడతాడు. అలా ఒకణ్ణి చంపవలసి వస్తుంది, వాడి అన్నదమ్ములు ముగ్గురు వెంటపడతారు. రింగో పారిపోయి వెళ్ళింది కేయెన్ అనే ఊరికి. అక్కడ అతని భార్య పెగ్గీ వేరే ఇంటిపేరు పెట్టుకుని పిల్లలకు చదువు చెబుతూ బతుకుతోంది. వాళ్ళ కొడుక్కి తండ్రి ఎవరో తెలియదు.

సినిమాలో ఎక్కువభాగం అతను సారాకొట్టులో కూర్చుని ఎదురుచూడటమే. ఊరి కుర్రాళ్ళంతా బడి ఎగ్గొట్టి కిటికీల దగ్గర గుమిగూడతారు, అంత పేరున్న తుపాకీవాణ్ణి చూడాలని. వాళ్ళలో అతని కొడుకూ ఉంటాడు. చివరికి తండ్రీ కొడుకులకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో కూడా రింగో నేను నీ తండ్రినని చెప్పడు. బయటికి రాగానే పేరు కోసం పాకులాడే ఒక కుర్రవాడు వెనకనుంచి కాలుస్తాడు. చనిపోతూ రింగో వాణ్ణి వదిలేయమంటాడు. నన్ను చంపినవాడన్న పేరు మోస్తూ బతకడం కంటే పెద్ద శిక్ష వాడికి ఉండదని అతని నమ్మకం. అంత్యక్రియల రోజు పెగ్గీ కొడుకు చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా, నేను రింగో భార్యనని చెప్పి లోపలికి వస్తుంది.

పెక్ బంగారం వెతికిన సినిమా తెలుగు వెస్టర్న్‌కు పునాది అయింది. పెక్ కొడుకును వెతికిన సినిమా కాలేదు. తెలుగు ప్రేక్షకులకు ఆ దుఃఖం తెలియదు, అందుకే రాలేదు అనుకోవడానికి వీల్లేదు. 1963లో 'లవకుశ' ఆడినట్టు ఏ సినిమా ఆడింది? ఆయుధం పట్టడంలో తనకు సాటిలేని తండ్రి, అతనెవరో తెలియకుండానే అతని సేనలతో తలపడే కొడుకులు. మరుసటి ఏడు 'బభ్రువాహన' వచ్చింది, అర్జునుడూ అతని కొడుకూ ఎదురుపడే కథ. రెండింటిలోనూ ఎన్.టి. రామారావే. భద్రాచలం గుట్ట మీద రాముణ్ణి చూసివచ్చే ప్రతి కుటుంబానికీ ఆ కథ కంఠతా వచ్చు. విల్లు ఉన్నచోట తుపాకీ పెడితే రింగో కథ మన కథే అయ్యేది.

ఇంకా దగ్గరి కారణం ఒకటుంది. తుపాకీ పట్టి, ఇల్లు వదిలి, ఏళ్ళ తర్వాత తుపాకీ దించి తిరిగివచ్చిన మనుషులు నిజంగానే భద్రాచలం వైపు గోదావరి సరిహద్దులో ఉన్నారు.

ఇది సరిహద్దు నేల అని ముందు చెప్పుకోవాలి. గోదావరికి ఒక ఒడ్డున నిజాం రాజ్యం, పాల్వంచ సంస్థానం. ఎదుటి ఒడ్డున భద్రాచలం తాలూకా. అది ఒకప్పుడు మధ్య పరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు ప్రభుత్వంలోని గోదావరి జిల్లాలో కలిసింది. అలా కలిశాక పోడు మీద పన్ను పెంచితే రేకపల్లి కొండల మనుషులు 1879 నాటి రంప తిరుగుబాటులోకి దూకారు. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. భద్రాచలం అందులోకి వచ్చింది 1959లో. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అవి ఆ జిల్లాలో చేరాయి. గీత ఇన్నిసార్లు మారిన నేల ఇది. ఒక రాజ్యంలో నేరం చేసినవాడు ఏరు దాటితే ఇంకో రాజ్యంలో ఉంటాడు. వెస్టర్న్ సినిమాకు ఇంతకంటే కావలసింది ఏముంది?

1946 జులై 4న కడవెండిలో దొరలను ఎదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగాక తెలంగాణ రైతాంగం దొరల మీద, నిజాం పాలన మీద తిరగబడింది. మొదట చేతుల్లో ఉన్నవి వడిసెలలు, గుత్పలు, కారంపొడి. తర్వాత మందు కూరి పేల్చే భరమార్లు, ఆ తర్వాత శత్రువు దగ్గర గుంజుకున్న తుపాకులు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసింది గానీ కమ్యూనిస్టు దళాలు ఆయుధాలు దించలేదు. మైదానాల్లో నిలవడం కష్టమయ్యాక కొన్ని దళాలు నల్లమలకూ, కొన్ని గోదావరి అడవులకూ వెళ్ళాయి. ఇల్లెందు, పాల్వంచ, మణుగూరు వైపు అడవుల్లో కోయగూడేలు వాళ్ళకు అన్నం పెట్టాయి. అందుకు ఆ గూడేలు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. ఊళ్ళు తగలబెట్టారు, జనాన్ని అడవిలోంచి తరలించి క్యాంపుల్లో కుక్కారు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో గోదావరి అడవుల ప్రాంతానికి ప్రత్యేకంగా చోటిచ్చి ఇవన్నీ రాశారు.

వెస్టర్న్‌లలో చెట్టుకు అంటించిన బొమ్మ, కింద వెల ఉంటుంది కదా. ఆ దళాల్లో తిరిగిన మల్లు స్వరాజ్యం తల మీద 10,000 రూపాయల వెల పెట్టారు. ఆ కాలంలో అది ఎంత డబ్బో ఊహించుకోవచ్చు. నల్లగొండ జిల్లాలో భూస్వాముల ఇంట పుట్టిన పిల్ల, గోదావరి అడవుల్లో కోయవాళ్ళ మధ్య రాజక్క అయింది. ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. 2022 మార్చిలో ఆమె వెళ్ళిపోయారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇంకొక పుస్తకం. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. పోరాటంలో తిరిగిన ఆడవాళ్ళు తమ నోటితో చెప్పుకున్న బతుకులు అవి. అందులో కమలమ్మ కథ ఉంది. పసిబిడ్డను పెట్టుకుని దళంతో నడవడం కుదరక, బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి వెళ్ళిపోయిన తల్లి ఆమె. బిడ్డ ఏడిస్తే దళం మొత్తానికి ప్రమాదం. రింగో కొడుకును వదిలి వెళ్ళింది తన పేరు వెంట, తన తుపాకీ వెంట. కమలమ్మ వదిలింది నలుగురి ప్రాణం కోసం. హాలీవుడ్‌వాళ్ళు తుపాకీ పట్టినవాడి బిడ్డ గురించి ఎన్ని కథలు రాసినా, ఆ వదలడంలోని నొప్పిని తల్లి వైపు నుంచి ఈ పుస్తకం చెప్పినంతగా చెప్పలేదని నా అభిప్రాయం.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. ఆ తేదీ చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంగా ఉంటుంది. ఇళ్ళలో దానికి వేరే లెక్క ఉంది. 1946లో పుట్టిన పిల్లవాడికి అప్పటికి ఐదేళ్ళు. తండ్రి దళంలోనో, జైల్లోనో ఉంటే వాడికి ఆయన ముఖం తెలిసే దారి లేదు. ఐదేళ్ళపాటు వాడి ముందు నాన్న పేరు పైకి ఎత్తకుండా పెంచి ఉంటారు, పోలీసులు పిల్లల నోటినుంచే మాట రాబట్టగలరు కాబట్టి. ఒకరోజు గడ్డం పెరిగిన మనిషి గుమ్మంలోకి వస్తాడు. పిల్లవాడు తల్లి కొంగు చాటుకు పోతాడు. ఇది నేను కల్పించిన దృశ్యమే అయినా, ఆ నేల మీద ఎన్ని గుమ్మాల్లో జరిగి ఉంటుందో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ వచ్చినవాడికి భూమి పోయి ఉండవచ్చు, కేసులు మిగిలి ఉండవచ్చు, ఊళ్ళో దొర మళ్ళీ గడీలోకి వచ్చి ఉండవచ్చు. రింగోకు కొద్ది నిమిషాలే దొరికాయి. ఇతనికి మిగతా జీవితమంతా ఉంది. ఆ జీవితాన్ని కొడుకుతో ఎలా గడిపాడు? తుపాకీ గురించి వాడికి ఏం చెప్పాడు, ఏం దాచాడు? సినిమా అడగవలసిన ప్రశ్న ఇదే.

మళ్ళీ ఆరుద్ర దగ్గరకు రావాలి. తెలుగు తొలి కౌబాయ్ సినిమా రాసిన ఆ ఆరుద్రే 1949లో 'త్వమేవాహం' కావ్యం రాశారు. దాని వెనుక ఉన్నది తెలంగాణలో రజాకార్ల దురాగతాలు రగిల్చిన ఆవేదన. ఈ నేల మీద కారిన నెత్తురు ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్ళ తర్వాత అదే కలం బికనీర్‌కు కథ రాసింది. ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. 1971లో గోదావరి లోయలో మళ్ళీ తుపాకులు మోగుతున్నాయి, నక్సలైటు నాయకుడు చండ్ర పుల్లారెడ్డి వర్గం ఖమ్మం, వరంగల్ అడవుల్లో దళాలు నడుపుతోంది. ఆ రోజుల్లో తుపాకీ దించిన మనిషి కథను ఇల్లెందు అడవిలో పెట్టి తీస్తే సెన్సారు ఏమనేదో ఊహించడం కష్టం కాదు. సంస్థానాల కాలపు నిధి కథతో ఆ చిక్కు లేదు. నిర్మాత డబ్బు తిరిగిరావాలి. అయినా రెండు కథలూ తెలిసిన ఒకే ఒక్క రచయిత ఆయన అనుకుంటే మనసు ఊరుకోదు.

అడవి దాకా రావడానికి పద్మాలయాకు ఎక్కువ కాలం పట్టలేదు. 1974లో కృష్ణ నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే పోరాట ఘట్టాలను తీసింది కె.ఎస్.ఆర్. దాసే. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిదే. బికనీర్‌లో గుర్రాలను పరిగెత్తించిన చేతులే మన్యంలో పోలీసు స్టేషన్ల మీద దాడిని చిత్రించాయి. ఎడారిలో నేర్చినది అడవిలో అక్కరకు వచ్చింది. కానీ రామరాజు తుపాకీ దించి ఇంటికి వచ్చే మనిషి కాదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన కథ ముగిసింది. అమరుడికి తెర మీద చోటు దొరికింది. బతికి తిరిగివచ్చినవాడికి దొరకలేదు.

తర్వాతి కౌబాయ్‌ల గురించి ఎక్కువ చెప్పను. 1990లో చిరంజీవి 'కొదమసింహం' చేశారు. 2002 సంక్రాంతికి జయంత్ సి. పరాన్జీ దర్శకత్వంలో 'టక్కరి దొంగ' వచ్చింది. హీరో కృష్ణ కొడుకు మహేష్ బాబు. కృష్ణ కూడా కాసేపు కనిపించారు. ముప్ఫై ఏళ్ళ కిందట టోపీ పెట్టిన తండ్రి, అదే టోపీ పెట్టిన కొడుకు, ఒకే సినిమాలో, గుర్రాల మధ్య. వయసు మీదపడిన పాత తుపాకీవాడుగా కృష్ణను నిలబెట్టి, అతన్ని ఎరగని కొడుకుగా మహేష్‌ను ఎదురు పెట్టే కథ ఎవరైనా ఆనాడే రాసి ఉంటే! తెలుగు వెస్టర్న్‌కు అలాంటి అవకాశం ఇంకెప్పుడూ రాలేదు. 2022 నవంబరు 15న కృష్ణ వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ఆయన పుట్టినరోజు మే 31న 'మోసగాళ్ళకు మోసగాడు'ను మళ్ళీ థియేటర్లలో వేశారు.

2022లోనే వేణు ఊడుగుల 'విరాటపర్వం' తీశారు. అడవికి వెళ్ళిపోయిన కూతురు, ఇంటి దగ్గర మిగిలిపోయిన తండ్రి. ఆ తండ్రిగా సాయిచంద్ ముఖంలో ఉన్న బాధ చూశాక ఈ నేలకు తగిన సినిమా తెలుగులో సాధ్యమేనని నమ్మకం కలిగింది. అక్కడ వెళ్ళింది బిడ్డ, ఉండిపోయింది తండ్రి. దీన్ని తిరగేసి చెప్పే కథ మిగిలే ఉంది.

అది రాయబోయే కుర్రవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు నాదొక కోరిక. ఇల్లెందులో బస్సు దిగి, గుండాల మీదుగా మణుగూరు దాకా, అక్కడి నుంచి ఏరు దాటి దుమ్ముగూడెం, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దాకా వెళ్ళండి. తునికాకు కట్టలు కట్టే రోజుల్లో వెళితే మాట్లాడే మనుషులు దొరుకుతారు. తిరిగివచ్చిన తండ్రుల గురించి ఆ తండ్రుల పిల్లలను అడగండి. 1951లో ఐదేళ్ళ వయసున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి, ఆలస్యం చేయకండి.